పరిశోధనలో తేలింది!

తేలింది. తెలుగు పత్రికల్లో ఇంతకు మించిన బలమైన క్రియాపదం లేదు. దీనికి కర్త అక్కర్లేదు. క్రియ ఒక్కటీ ఉంటే చాలు. కర్మ ఎటూ పాఠకుడిదే.

‘పరిశోధనలో తేలింది.’ ఎక్కడి పరిశోధన? అమెరికాలో. అమెరికాలో ఎక్కడ? ఓ విశ్వవిద్యాలయంలో. ఎవరి మీద చేశారు? ఎలుకల మీద. ఆ ముక్క వార్తలో లేదే? ఉంది సార్, చివరి పేరాలో ఉంది. చివరి పేరా పేజీ పెట్టేటప్పుడు లేచిపోయింది. చోటు చాల్లేదు. ఎందుకు చాల్లేదు? కింద పావు పేజీ బిస్కెట్ల ప్రకటన పడింది.

ఇంతకీ ఏం తేలింది? గోదాట్లో మూడోనాడు శవం తేలినట్టు తేలింది. ఎవరిదో తెలీదు. ఏ రేవునుంచి కొట్టుకొచ్చిందో తెలీదు. తేలింది కాబట్టి గట్టు మీద జనం చేరారు. జనం చేరారు కాబట్టి వార్త అయింది.

1984లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఓ ఏడుపు మొహం వేసింది. కళ్ళు రెండు గుడ్లు, మూతి బేకన్ ముక్క. కొలెస్టరాల్ భూతం వచ్చిందహో అని దండోరా. అదే పత్రిక 2014లో ముఖచిత్రం మీద వెన్న ముక్క పెట్టి, వెన్న తినండి అంది. ముప్పయ్యేళ్ళు చప్పిడి కూడు తిన్నవాళ్ళకి సారీ ఎవరు చెప్పాలి? 2019 మార్చిలో ఓ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం గుడ్లకూ గుండెజబ్బుకూ లంకె ఉందంది. సరిగ్గా ఏడాదికి, ఓ బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం రోజుకో గుడ్డుతో అలాంటి లంకె కనబడలేదంది. శాస్త్రం అన్నాక ఇలాగే నడుస్తుంది. ఒకరు ఒకటంటారు. ఇంకొకరు కాదంటారు. పదిమంది కొలిచి, తూచి, కొట్టుకుని ఓ మాట మీదికొస్తారు. అందులో తప్పేం లేదు. తప్పల్లా ఆ సాగుతున్న వాదనలోంచి ఒక్కో ముక్కా కోసుకొచ్చి తీర్పులా అచ్చేసేవాళ్ళది. కేసు వాయిదా పడ్డ ప్రతిసారీ ముద్దాయిని ఉరితీశారని రాస్తే ఎలా ఉంటుంది? గుడ్డును ఇప్పటికి ఎన్నిసార్లు ఉరితీశారో, ఎన్నిసార్లు నిర్దోషి అని దండేసి ఊరేగించారో లెక్కుందా?

గట్టున నిలబడి నీతులు చెబుతున్నాననుకోకండి. నేనూ ఆ డెస్కు మీద కూర్చున్నవాణ్ణే.

రాత్రి ఎనిమిదిన్నర. జిల్లా ఎడిషన్ లోపలి పేజీ. తొమ్మిదికి పేజీ వదలాలి. ఇన్‌ఛార్జి గారు తలెత్తకుండానే అన్నారు: ‘‘ఏమయ్యా, అరకాలం ఖాళీ ఉంది. ఏదన్నా హెల్త్ ఐటెం పడెయ్.’’

ఏజెన్సీ కాపీ తీశాను. దానిమ్మ రసం. ఏదో ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద దానిమ్మ సారం పోశారు. వాటి పెరుగుదల కాస్త మందగించింది. మనుషుల మీద ఇంకా చూడలేదని చేసినవాళ్ళే మొత్తుకున్నారు. బుద్ధిగా తెలుగు చేశాను. ‘దానిమ్మ సారం క్యాన్సర్ కణాల వేగాన్ని తగ్గించవచ్చు.’ ఇన్‌ఛార్జి గారు చూశారు. ‘‘ఈ ‘వచ్చు’ ఏంటయ్యా? ఇదేమన్నా వాతావరణ వార్తా? పడవచ్చు, పడకపోవచ్చు! తీసెయ్.’’ తీసేశాను. ‘‘కణాలేంటి? చదివేవాడికి కణమేం తెలుస్తుంది?’’ కణాలు పోయాయి. ‘‘వేగం కూడా లేపెయ్, హెడ్డింగు పట్టట్లేదు.’’ వేగమూ పోయింది. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా పేజీ వెళ్ళింది. ‘దానిమ్మతో క్యాన్సర్ దూరం’. కింద చిన్నక్షరాల్లో మన పాత నేస్తం: పరిశోధనలో తేలింది.

మర్నాడు ఆఫీసుకి ఫోన్. పెద్దాయన గొంతు. ‘‘బాబూ, మా ఆవిడకి కీమో నడుస్తోంది. రోజుకెన్ని కాయలివ్వాలి? గింజలు నమలాలా, రసం తియ్యాలా?’’

ఏం చెప్పాను? డాక్టర్‌ని అడగండి అన్నాను. రాసేముందు నేనడిగానా? ఆ వారం దానిమ్మ కిలో ఎంత పలుకుతోందో కూడా నాకు తెలీదు. ఆయనకి తెలిసే ఉంటుంది.

‘వచ్చు.’ రెండక్షరాలు. హెడ్డింగులో ఆదా అయిన చోటు అంతే.

ఇలా మనం చంపే మాట ఇంకోటుంది: సంబంధం. శాస్త్రవేత్త ‘సంబంధం కనిపించింది’ అంటాడు. మనం ‘కారణం’ అని రాస్తాం. వీధిలో గొడుగులు ఎక్కువగా కనబడ్డ రోజే వాన పడుతుంది. కాబట్టి గొడుగుల వల్లే వాన! పొద్దున్నే ఓట్స్ తినేవాడు ఎక్కువకాలం బతుకుతున్నాడట. బతకడూ మరి? ఓట్స్ కొనేవాడికి ఒకటో తారీఖున జీతం పడుతుంది. బీమా కార్డుంది. నడవడానికి పార్కుంది. పార్కుకి వేసుకెళ్ళడానికి బూట్లున్నాయి. ఇవేవీ గిన్నెలో కనబడవు. పుణ్యమంతా పోయి ఓట్స్ ఖాతాలో పడుతుంది.

ఇదంతా కడుపుమంటతో చెబుతున్నాడులే అంటారా? సరే. ఒకాయన చేసి మరీ చూపించాడు. ఆ కథ వినండి.

జాన్ బొహానన్ అని అమెరికన్ సైన్స్ విలేకరి. 2015లో ఇద్దరు జర్మన్ టీవీ పాత్రికేయులతో కలిసి ఓ ప్రయోగం చేశాడు. దొంగ లెక్కలు కావు. నిజం మనుషులు, నిజం కొలతలు. మనుషులెంతమంది? చివరికి లెక్కకొచ్చింది 15 మంది. మా అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగుకే అంతకన్నా ఎక్కువమంది వస్తారు. వీళ్ళనే మూడు జట్లు చేశాడు. ఒక జట్టు మామూలుగా తింది. రెండోది పిండిపదార్థాలు తగ్గించింది. మూడోది పిండిపదార్థాలు తగ్గించి, దాంతోపాటు రోజూ 42 గ్రాముల నల్ల చాక్లెట్ తింది. మూడు వారాలు ఇదే తంతు. ఒక్కొక్కరి దగ్గర 18 రకాల కొలతలు తీశారు. బరువు, కొలెస్టరాల్, సోడియం, నిద్ర... ఏది దొరికితే అది.

18 ఎందుకు? కిటుకంతా అక్కడే ఉంది. మామిడితోపులో కళ్ళు మూసుకుని 18 రాళ్ళు విసిరితే ఒక్కటైనా ఏదో ఒక కాయకి తగలదా? తగిలాక, నేను గురిపెట్టింది ఆ కాయకే అంటే సరిపోతుంది. ఉత్త యాదృచ్ఛికంగానే 18 కొలతల్లో ఏదో ఒకటి నిజంలా కనబడే అవకాశం నూటికి 60. ఈసారి రాయి తగిలిన కాయ పేరు బరువు. చాక్లెట్ తిన్నవాళ్ళు 10 శాతం వేగంగా బరువు తగ్గారోచ్!

ఇక ప్రచురణ. వ్యాసం పంపిన 24 గంటల్లో ఒప్పుకున్న పత్రికలున్నాయి. అందులో ఒకదానికి 600 యూరోలు కడితే అచ్చేసింది. రచయిత పేరు జొహానెస్ బొహానన్ అని కాస్త జర్మన్ పూత పూశాడు. ఆయనగారు పనిచేసే ‘ఆహార, ఆరోగ్య సంస్థ’కి ఓ వెబ్‌సైటు తప్ప వాకిలి లేదు, గోడ లేదు, కాపలావాడు లేడు. పత్రికా ప్రకటన తయారు చేశాడు. విలేకరులు కాపీ కొట్టుకోడానికి అనువుగా, వాక్యాలు సిద్ధం చేసి మరీ ఇచ్చాడు. జర్మనీలో బిల్డ్ పత్రిక మొదటి పేజీలో వేసింది. ఇంగ్లండ్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, టెక్సాస్ టీవీ... మనమేం తక్కువ తిన్నామా? మన టైమ్స్ ఆఫ్ ఇండియా కూడా వడ్డించింది.

ఇంతమందిలో ‘ఎంతమంది మీద చేశారు స్వామీ?’ అని అడిగిన విలేకరి దాదాపు ఒక్కడూ లేడట. బయటి నిపుణుడెవరికైనా ఫోన్ చేసి ఇది నిజమేనా అని కనుక్కున్న దాఖలా ఒక్కటీ లేదట. సంస్థ పేరు గూగుల్‌లో కొట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? ఆ మే నెలాఖరున బొహానన్ తనే గుట్టు విప్పాడు. అప్పుడేమైంది? పాత్రికేయ విలువలకు విరుద్ధంగా మోసం చేశాడని ఆయన మీదే కొందరు విరుచుకుపడ్డారు. గేటు తీసిపెట్టి గుర్రుకొట్టిన కాపలావాడికి, తాళం వెయ్యలేదేమయ్యా అన్నవాడి మీద కోపమొచ్చినట్టు.

తప్పంతా విలేకరిదే అనడం కూడా అన్యాయం. 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ఓ పరిశీలన వచ్చింది. బ్రిటన్‌లోని 20 పెద్ద విశ్వవిద్యాలయాలు విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనల్ని, మూల పరిశోధనల పక్కన పెట్టి చూశారు. 40 శాతం ప్రకటనల్లో జనానికిచ్చే సలహా అసలు పరిశోధన చెప్పినదానికన్నా అతి చేసి ఉంది. 33 శాతం ప్రకటనల్లో ‘సంబంధం’ కాస్తా ‘కారణం’ అయిపోయింది. జంతువుల మీద చేసినవాటిలో 36 శాతం మనుషులకు అతికించినవే. అంటే కల్తీ పాలకేంద్రం దగ్గరే మొదలైంది. మరి మన పని ఏంటి? లాక్టోమీటర్ పెట్టి చూడటం. ప్రకటనలో ‘కారణం’ అని అతి ఉన్నప్పుడు 81 శాతం వార్తల్లో అదే అతి దిగింది. ప్రకటన నిజాయితీగా ఉంటే 18 శాతం వార్తల్లోనే అతి కనబడింది. ఇంకా సిగ్గుపడే సంగతేంటంటే, అతి చేసిన ప్రకటనలకు వార్తల్లో చోటేమీ చెప్పుకోదగ్గంత ఎక్కువ దొరకలేదు. అబద్ధానికి గిట్టుబాటు ధర కూడా లేదు! అయినా సాగు ఆగదు.

మరో రకం అతి చూడండి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం, సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది. మర్నాడు ‘సిగరెట్ ఎంతో బేకన్ అంత’ అని గోల. ఆ జాబితా సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. 18 శాతం అంటే గుండె గుభేల్మంటుంది కదూ? బ్రిటన్ లాంటి చోట జీవితకాలంలో నూటికి ఐదారుగురికి వచ్చే జబ్బు ఇంచుమించు మరొక్కరికి వస్తుందని దాని అర్థం. అదీ తక్కువేం కాదు. కాని రెండో రకంగా రాస్తే హెడ్డింగు అదరదుగా!

2023 జులైలో తీపి కోసం డైట్ సోడాల్లో వేసే ఆస్పర్టేమ్ వంతు. ఆ క్యాన్సర్ విభాగమే దాన్ని ‘2బి’ అనే జాబితాలో వేసింది. క్యాన్సర్ కారకం కావచ్చునేమో అని. అదే రోజు ఇంకో నిపుణుల సంఘం, కిలో బరువుకి రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితి మార్చక్కర్లేదంది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాల పైన తాగాలి. ఈ రెండో సగం ఎన్ని పత్రికల్లో హెడ్డింగయింది? ఆ 2బి జాబితాలోనే కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా ఉంది. దాని గురించి మనవాళ్ళు రాయలేదా? రాశారు. అందం పేజీలో. మొహానికి పట్టించమని.

సరే, పరాయి గొడవలెందుకు? సమోసా దగ్గరికి రండి.

2025 జులై. దేశమంతా ఒకటే హోరు. సమోసా, జిలేబీలకు సిగరెట్ పెట్టె మీద ఉన్నట్టు హెచ్చరికలట! టీవీల్లో ఎర్ర బాణాలు, చావు మేళం, తెర మీద నూనె కాగే బాణలి. మిర్చి బజ్జీ బండివాడి మూతి దగ్గర మైకు. ‘‘మీ బజ్జీ సిగరెట్‌తో సమానమంటున్నారు, మీరేమంటారు?’’ పాపం ఆయనేమంటాడు? ‘‘ప్లేటు ఇరవై సార్’’ అన్నాడు. ఆ వారం మొత్తం మీద ప్రసారమైన ఏకైక నిజం అదేనేమో.

అసలు జరిగిందేంటి? కేంద్ర ఆరోగ్య శాఖ జూన్‌లో ఆఫీసులకు ఓ సలహా పంపింది. లాబీల్లో, క్యాంటీన్లలో, మీటింగు గదుల్లో బోర్డులు పెట్టండి, ఏ తిండిలో ఎంత నూనె, ఎంత చక్కెర దాగుందో రాయండి అని. అంతే. ఎవరి బండి మీదా లేబుల్ వెయ్యమనలేదు. మన పిండివంటల్ని ప్రత్యేకంగా పట్టుకోనూ లేదు. గోల ముదిరాక ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వాళ్ళే బాబూ అలా కాదని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ వివరణ ఎక్కడేశారు? వెతకండి. అరకాలంలో ఉంటుంది.

ఇప్పుడో చిన్న ప్రశ్న. సమోసాకి ఎవరూ పెట్టని లేబుల్ మీద అంత రచ్చ చేశారే, ప్యాకెట్ మీద నిజంగా ఉండాల్సిన లేబుల్ సంగతేంటి? చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల మీద ‘ఇందులో చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ’ అని ముందువైపే రాయాలన్న మాట. చిలీ దేశం 2016లోనే ప్యాకెట్ల ముందు నల్ల ముద్రలు కొట్టించింది. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2022లో ఓ ముసాయిదా తెచ్చింది. హెచ్చరిక కాదు, నక్షత్రాలు! హోటల్ గదికి ఇచ్చినట్టు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది. తేలలేదు. జులైలో, సరిగ్గా సమోసా మంటల్లో కాగుతున్న ఆ జులైలోనే, ఇంకో మూడు నెలలు గడువిచ్చింది. చూశారా? దానిమ్మ తేలుతుంది, గుడ్డు తేలుతుంది, సమోసా నూనెలో తేలుతుంది. ఇదొక్కటి తేలదు. ప్యాకెట్ కంపెనీకి ప్రకటనల బడ్జెట్ ఉంది. బజ్జీ బండికి లేదు. వేరే పరిశోధన కావాలా?

డబ్బు ముచ్చట వచ్చింది కాబట్టి రెండు మాటలు. 1960ల్లో అమెరికా చక్కెర పరిశ్రమ హార్వర్డ్ పరిశోధకులకు 6,500 డాలర్లిచ్చింది. 1967లో ఓ సమీక్షా వ్యాసం వచ్చింది. గుండెజబ్బు నింద చక్కెర మీంచి కొవ్వు మీదికి జారింది. డబ్బు సంగతి బయటపడటానికి 2016 దాకా పట్టింది. అంత పాతది వద్దంటారా? విలేకరుల కోసం ఓ అమెరికన్ విశ్వవిద్యాలయం ఊబకాయం మీద సదస్సులు పెట్టింది. వెనక సొమ్ము కోకా-కోలాదని 2017లో బీఎంజే బయటపెట్టింది. వెళ్ళొచ్చిన విలేకరుల్లో కొందరు లబోదిబోమన్నారు. సదస్సుకి ఖర్చెవరు పెడుతున్నారని ముందే అడగాల్సింది ఎవరు? వాళ్ళ వృత్తి ఏంటి?

మన దగ్గర ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. మన తెలుగునాట తిండి శాస్త్రానికి ప్రవక్తలే ఉన్నారు. ఉప్పు మానెయ్ అన్న ప్రవక్త. గరిటెలతో కొబ్బరినూనె తాగు అన్న ప్రవక్త. ఈ జబ్బుకి అరికెలు, ఆ జబ్బుకి ఊదలు అని పంచాంగం చెప్పిన ప్రవక్త. తప్పో ఒప్పో వాళ్ళు నమ్మింది వాళ్ళు చెప్పారు. వాళ్ళకి గంటల తరబడి మైకు ఇచ్చిన యాంకరమ్మ అడిగిన ప్రశ్నలేంటి? ‘‘గురువుగారూ, మా ప్రేక్షకుల కోసం ఇంకొంచెం వివరంగా...’’ ఇదా ప్రశ్న?

మా మేనత్తది రాజమండ్రి. ఆవిడ దగ్గర ఓ రేకు బిస్కెట్ల డబ్బా ఉంది. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. దాన్నిండా పేపరు కటింగులు. కాకరకాయ రసం, మెంతులు, దాల్చినచెక్క, నేరేడు గింజల పొడి. ఒక్కో దాని మీదా ఎర్ర సిరాతో తారీఖు. ఓ ఏడాది ‘నెలరోజుల్లో షుగర్ మాయం’ అన్న కటింగు చదివి మాత్రలు పక్కన పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకి కాలి వేలికి చిన్న దెబ్బ తగిలింది. మానలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి షుగర్ మూడొందలు దాటి ఉంది. వేలు తీసేశారు.

‘‘ఎందుకు మానేశావత్తా మాత్రలు?’’ అంటే, కట్టు కట్టిన కాలు చాపుకుని కూచుని నన్నే ఎదురడిగింది. ‘‘పేపర్లో రాశార్రా. ఊరికే రాస్తారేంటి?’’

ఊరికే రాయలేదత్తా. అరకాలం ఖాళీ ఉంటే రాశారు. ఈ మాట ఆవిడతో అనలేదు. ఇక్కడ అంటున్నాను.

హైదరాబాద్‌లో పత్రికాఫీసులకు తార్నాక ఎంత దూరం? సిటీ బస్సెక్కితే దిగే దూరం. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో మన ఊరొచ్చింది. జొన్న తిని బతికే దక్కను పేదల్లో పెలాగ్రా అనే పోషకలోపపు జబ్బు ఎందుకొస్తోందని ఏళ్ళ తరబడి వెతికిన సంస్థ అది. అదే జొన్న ఇవాళ మాల్‌లో పట్టు సంచిలో కూర్చుంటే, అమృతం అని పేజీలకు పేజీలు రాస్తున్నవాళ్ళలో ఆ కథ ఎందరికి తెలుసు? అప్పుడైనా పాపం ఒక్క జొన్నదే కాదు. పక్కన పప్పూ పాలూ లేని కంచానిదీ. ఒక్క గింజని దేవుణ్ణో దెయ్యాన్నో చేస్తే కంచం సంగతి రాయక్కర్లేదు కదా? ఎంత సుఖం!

2024 మే నెలలో ఆ సంస్థే, భారత వైద్య పరిశోధన మండలితో (ఐసీఎంఆర్) కలిసి, దేశం మొత్తానికి 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. లావుపాటి పుస్తకం. అందులోంచి మన మీడియా ఏం ఏరుకుంది? ‘టీ, కాఫీ తాగొద్దు: ఐసీఎంఆర్’. ఉదయం గ్లాసు పట్టుకున్న రాష్ట్రం రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. పుస్తకంలో ఉన్నదేంటి? భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగకండి. ఎందుకు? టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఇనుము పట్టకపోతే? రక్తహీనత.

ఇక్కడ కాస్త ఆగండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, అంటే 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ అంతకన్నా కాస్త ఎక్కువే. ఐదేళ్ళలోపు పిల్లల్లో దేశంలో నూటికి 67. తెలంగాణలో 70. వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు దేశంలో నూటికి 35 మంది పైనే. పొద్దున్నే పొలానికో, మేస్త్రి పనికో పోయే ఆడకూలీ సద్దన్నం తినగానే ఓ గ్లాసు టీ తాగుతుంది. ఆ ‘గంట’ అన్న ముక్క ఎవరికైనా పనికొస్తే ఆవిడకి పనికొస్తుంది. పైసా ఖర్చు లేని సలహా. దాన్నే కోసి పారేశారు! ‘తాగొద్దు’ ఉంచారు, ‘గంట’ తీసేశారు. ‘వచ్చు’ తీసేసిన కత్తెరే.

ఇంకొకటి. విరేచనాలైన పిల్లలకి పట్టే ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని తీపి నీళ్ళు మెడికల్ షాపుల్లో అమ్మారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు. వీటిలో చక్కెర దానికి ఎన్నో రెట్లు. పిల్లాడికి పడితే విరేచనాలు తగ్గడం మాట అటుంచి, ముదిరే ప్రమాదం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఇంచుమించు 8 ఏళ్ళు పోరాడారు. 2025 అక్టోబరుకి గాని ఆ పేరు వాడొద్దన్న ఉత్తర్వు రాలేదు. గెలిచాక ఆమె కన్నీళ్ళు పెట్టుకున్న వీడియో అందరూ వేశారు. బాగుంది. ఆ 8 ఏళ్ళలో జామకాయ ఎన్నిసార్లు తేలింది? అవిసె గింజలు ఎన్నిసార్లు తేలాయి? ఆ తీపి నీళ్ళ డబ్బా ఎన్నిసార్లు తేలింది? దానికి నిపుణుల హెచ్చరిక లేకనా? హైదరాబాద్‌లోనే, తెలుగులోనే, గొంతు పోయేలా అరుస్తున్న నిపుణురాలు కనబడలేదా? పేరు తెలీని అమెరికా విశ్వవిద్యాలయంలో ఎలుక దగ్గితే వినబడుతుందే!

ఈ వ్యాసం రాస్తుండగానే డెస్కు మిత్రుడు ఫోన్ చేశాడు. నాతోపాటు చేరినవాడు. ఇప్పుడు తనే ఇన్‌ఛార్జి.

‘‘గురూ, లోపలి పేజీలో అరకాలం ఖాళీ ఉంది. నీ దగ్గరేమన్నా హెల్త్ ఐటెం ఉందా?’’

‘‘ఉంది. మన ఆడవాళ్ళలో నూటికి 57 మంది పైనే...’’

‘‘రక్తహీనతేగా? అది పాతదే కదా గురూ. కొత్తదేమన్నా?’’

‘‘పాతది కాబట్టే.’’

‘‘సర్లే. బొప్పాయి గింజల మీద ఏదో వచ్చింది, అది వేసేస్తా. హెడ్డింగు చెప్పు. ‘బొప్పాయి గింజలతో లివర్ సేఫ్’. ఎలా ఉంది?’’

‘‘ఎవరి లివరు?’’

‘‘ఏమో, కాపీ పూర్తిగా చదవలేదు. ఎలుకదనుకుంటా.’’